టెక్ సందేహాలు: 108కి చేస్తే పక్క రాష్ట్రం ఎత్తింది!

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. మొన్న రాత్రి నాన్నకు ఆయాసం ఎక్కువై 108కి చేస్తే పక్క రాష్ట్రం సెంటర్‌కి వెళ్లింది. వాళ్లకు మా ఊరు దొరకలేదు. చివరికి ఆటోలో పర్లాకిమిడి తీసుకెళ్లాం. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. దీనికి మంచి యాప్ ఏదైనా ఉందా?

జవాబు: నాన్నగారు కోలుకున్నారు, సంతోషం. యాప్ సంగతి తర్వాత, ముందు టవర్ సంగతి చూద్దాం. 108 మూడంకెల షార్ట్ కోడ్. మీ సిమ్ ఎక్కడిదన్నది కాదు, ఫోన్ అప్పటికి ఏ టవర్‌ను పట్టుకుందన్నదే లెక్క. మీకు ఆంధ్ర సరిహద్దు కూతవేటు దూరం కాబట్టి అటు సిగ్నల్ బలంగా ఉంటే కాల్ అటే పోతుంది. అక్కడి ఆపరేటర్ తెర మీద వాళ్ల రాష్ట్రం బండ్లే కనిపిస్తాయి, మీ ఊరి దగ్గర నిలబడ్డ బండి కనిపించదు.

పదంకెల నంబరుకు ఈ బెడద లేదు, ఏ టవర్ నుంచైనా చేరాల్సిన చోటికే చేరుతుంది. అందుకని మీ ఆరోగ్య కేంద్రం, ఆశా కార్యకర్త, దగ్గర్లోని అంబులెన్స్ డ్రైవర్ నంబర్లు ఇవాళే సేవ్ చేసుకోండి. 108కే చేస్తే, అటువైపు ఎత్తగానే మొదటి మాటగా "ఒడిశా, గజపతి జిల్లా" అనండి.

ఇక లొకేషన్. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి డేటా అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌గా దించుకుని, ఇంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం అని అంకెల వరసలు రెండు వస్తాయి. చుక్క తర్వాత నాలుగంకెలుంటే సుమారు 11 మీటర్ల తేడాలో ఇల్లు దొరుకుతుంది. అర్ధరాత్రి టెన్షన్‌లో అవి చదివితే తప్పులు దొర్లుతాయి. గోడ క్యాలెండర్ మీద ముందే రాసిపెట్టి, మెసేజ్‌లో పంపండి. డ్రైవర్‌కు మాత్రం రావిచెట్టు మలుపు, రామాలయం అని చెప్పడమే మేలు.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. దారి అడగడానికి డ్రైవర్ తిరిగి ఫోన్ చేస్తాడు. తెలియని నంబర్లను మ్యూట్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ కాల్ మోగనే మోగదు. వెంటనే ఆఫ్ చేయండి. ఆ కాల్‌కు లైన్ ఖాళీగా ఉండాలి, చుట్టాలకు కబురు ఇంకో ఫోన్ నుంచి చెప్పండి.

ఆండ్రాయిడ్ ఫోనే లొకేషన్‌ను దానంతటదే పంపే ఈఎల్‌ఎస్ (ఎమర్జెన్సీ లొకేషన్ సర్వీస్) సదుపాయాన్ని మన దేశంలో మొదట ఉత్తరప్రదేశ్‌లో అత్యవసర నంబరు 112కి కలిపారు. సరిహద్దు జిల్లాలకు ఇలాంటిదే ముందు కావాలని నా అభిప్రాయం.

ప్రశ్న: మహారాష్ట్రలోని సిరొంచ అవతలి అడవి ఊళ్లలో మా సిమ్‌కు సిగ్నల్ ఉండదు. "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని వస్తుంది. 108 కలుస్తుందా?

జవాబు: ఆ మాట వచ్చిందంటే వేరే కంపెనీ టవర్ ఉన్నట్టే. అప్పుడు 112కి చేయండి. అది మొబైల్ ఫోన్లన్నిటికీ తెలిసిన అత్యవసర నంబరు కాబట్టి ఏ కంపెనీ టవర్ మీదనైనా వెళ్తుంది. 108కి ఆ భరోసా లేదు. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ వరసగా మూడుసార్లు, బటన్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకున్నా 112కే పోతుంది. కొన్ని మోడళ్లలో ఐదుసార్లు నొక్కాలి, సెట్టింగ్స్‌లో చూసుకోండి. జేబులో పొరపాటున నొక్కుకుని కలిస్తే కట్ చేయకండి, పొరపాటున వచ్చిందని చెప్పి పెట్టేయండి.