ఏమి కావాలో తేల్చేది ఎవరు? – బిజినెస్ ఎనలిస్టు పనిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో వాడేవారికి ఏమి కావాలో తెలుసుకుని రాసే బిజినెస్ ఎనలిస్టు పని గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాము. మొదటి ఉత్తరం ఒక పల్లెలోని పాలకేంద్రం నుంచి వచ్చింది. ఈ వృత్తి స్వరూపం అందులోనే బాగా కనిపిస్తున్నందువల్ల దానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం. సుమారు 120 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తారు. నిరుడు ఒక సంస్థ చేత సాఫ్ట్‌వేర్ చేయించాము. వారు వచ్చినప్పుడు కార్యదర్శిగా నేనే రెండు గంటలు కూర్చుని పాలు కొలవడం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూడటం, రేటు కట్టడం, పది రోజులకొకసారి బిల్లు ఇవ్వడం అన్నీ వివరించాను. నేను చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. కానీ బిల్లు మధ్యలో రేటు మారినా, కరెంటు పోయి పరీక్ష యంత్రం ఆగినా, ఒకరి పాలు పొరపాటున మరొకరి నంబరులో పడినా ఏం చేయాలో దానికి తెలియదు. మళ్ళీ పాత రిజిస్టరే రాస్తున్నాము. తప్పు మాదా, వారిదా?

జవాబు: మీరు చెప్పినది నిజమే, వారు తయారు చేసినదీ మీరు చెప్పినట్టే ఉంది. అయితే ఆ రెండు గంటలలో మీరు చెప్పినది ఏ ఆటంకమూ లేని రోజున పని ఎలా సాగుతుందన్నది మాత్రమే. ఏళ్ళ తరబడి ఒకే పని చేస్తున్నవారు ఎవరైనా అలాగే చెబుతారు. చేతికి అలవాటైపోయిన సర్దుబాట్లు మాటల్లోకి రావు, వాటిని చెప్పాలన్న ఆలోచన కూడా కలగదు. వాటిని అడిగి, చూసి, బయటికి తీయవలసిన బాధ్యత బిజినెస్ ఎనలిస్టుది. మీ విషయంలో అడగవలసినవారు అడగలేదు. చెప్పలేదని మిమ్మల్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

అనుభవమున్న ఎనలిస్టు మీ ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడటంతో పని ముగించరు. తెల్లవారుజామున పాలు పోసే వేళకు కేంద్రానికి వచ్చి, వరుస మొదలైనప్పటి నుంచి చివరి సభ్యురాలు క్యాను తీసుకుని వెళ్ళేవరకు ఓ పక్కన నిలబడి చూస్తారు. నమూనా తీసే టెస్టరుతో, పాలు పోసే ఆడవారితో, బిల్లులు పంచే గుమాస్తాతో విడివిడిగా మాట్లాడతారు. పాత రిజిస్టర్లు తెరిపించి కొట్టివేతలు ఎక్కడున్నాయో, అంచులలో పెన్సిలుతో ఏమి రాసి ఉందో పరిశీలిస్తారు. నా అనుభవంలో ఏ సమావేశం కన్నా రిజిస్టరు అంచులే ఎక్కువ విషయం చెప్పాయి, ఎందుకంటే గీసిన గడులలో ఇమడని ప్రతి సంగతీ అక్కడికే చేరుతుంది.

తెలుసుకున్నదానిని రాయడంలోనూ నేర్పు కావాలి. "రేటు మార్చుకునే సౌకర్యం ఉండాలి" అని రాస్తే ఒక్కొక్కరు ఒక్కో విధంగా అర్థం చేసుకుంటారు. అదే విషయాన్ని "కొత్త రేటు ఏ తేదీ, ఏ పూట నుంచి అమలవుతుందో నమోదు చేసే వీలుండాలి, అంతకు ముందు పోసిన పాలకు పాత రేటు, ఆ పూట నుంచి పోసిన పాలకు కొత్త రేటు కట్టి, ఒకే బిల్లులో విడివిడిగా చూపాలి" అని రాసి, దాని కింద ఒక లెక్క వేయాలి. ఉదాహరణకు 6వ తేదీ సాయంత్రం నుంచి లీటరు రేటు 40 రూపాయల నుంచి 42 రూపాయలకు పెరిగిందనుకుందాం. ఒక సభ్యురాలు అదే నాణ్యత గల పాలు ఆ ఉదయం 5 లీటర్లు, సాయంత్రం 4 లీటర్లు పోస్తే, ఆ రోజుకు 200 రూపాయలు, 168 రూపాయలు రెండు వరుసలలో కనిపించి, మొత్తం 368 రూపాయలు రావాలి. ఈ లెక్క ఎదుట ఉంటే ప్రోగ్రామరుకు సందేహం మిగలదు, పరీక్షించేవారికి ఏమి సరిచూడాలో తెలుస్తుంది, కంప్యూటరు గురించి ఏమీ తెలియని మీ సభ్యురాలు కూడా చదివి అవుననో కాదనో చెప్పగలదు.

కరెంటు పోయినప్పటి సంగతి వేరు. అప్పుడు పాత పూటల సగటు కట్టాలా, నమూనా దాచి ఆ తరువాత పరీక్షించాలా అన్నది ఎనలిస్టు గాని, ప్రోగ్రామరు గాని తేల్చేది కాదు. అది సంఘం నియమం. ఇంతకాలం ఆ పూట విధిలో ఉన్నవారు తమకు తోచినట్టు చేస్తూ వచ్చారని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అలాంటి ఖాళీని కనిపెట్టి, పాలకవర్గం ముందు పెట్టి, నిర్ణయాన్ని రాతలోకి తెప్పించడం ఎనలిస్టు చేయగల గొప్ప ఉపకారం. నంబరు తప్పు పడిన సందర్భంలోనూ దిద్దే అధికారం ఎవరికి ఉంది, ఎన్ని పూటలలోపు దిద్దవచ్చు, పాత అంకె చెరిగిపోకుండా కనబడాలా, ఇద్దరు సభ్యులకూ ఎలా తెలియజేయాలి అన్న నాలుగు ప్రశ్నలకు ముందే జవాబు ఉండాలి, లేకపోతే దిద్దుబాటు సౌకర్యమే ఊళ్ళో తగవులకు కారణమవుతుంది. వేగం గురించి కూడా అంకెలలోనే చెప్పండి. ఉదయం గంటన్నరలో 120 మంది పాలు పోయాలంటే ఒక్కొక్కరికి దక్కేది 45 సెకన్లు. తూకం, పరీక్ష, చీటీ అన్నీ అందులోనే ముగియాలి. "త్వరగా పనిచేయాలి" అన్న మాటలో ఈ కొలత లేదు.

ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, మరొకరికి సొమ్ము చెల్లించే ముందు, గడచిన మూడు నెలల రిజిస్టర్లు తీసి, మామూలు పద్ధతి తప్పిన ప్రతి సందర్భాన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఆ పనిని టెస్టరు చేత చేయిస్తే మరీ మంచిది.

ప్రశ్న: నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. మేము అజైల్ పద్ధతిలో, అంటే పనిని చిన్న భాగాలుగా విడగొట్టి, స్ప్రింటులనే రెండు వారాల విడతలలో పనిచేస్తాము. ఏ పని ముందు చేయాలో చెప్పే ప్రోడక్ట్ ఓనరు ఉన్నారు, వినియోగదారుకు ఏమి కావాలో క్లుప్తంగా రాసిన యూజర్ స్టోరీలు ఉన్నాయి. వందల పేజీల పత్రం ముందే రాసే రోజులు పోయాక బిజినెస్ ఎనలిస్టు ఎందుకు?

జవాబు: పేజీల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అమెరికాలో ఎఫ్.బి.ఐ. తన కేసుల దస్త్రాలను కంప్యూటరులోకి తేవడానికి తలపెట్టిన వర్చువల్ కేస్ ఫైల్ ప్రాజెక్టుకు 800 పేజీలకు పైబడిన అవసరాల పత్రం ఉండేది, తెరపై బటన్ల వంటి వివరాల వరకు అందులో రాశారు. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చు చేశాక 2005లో దానిని వదిలివేశారు. కారణాలు అనేకం ఉన్నా, లావుపాటి పత్రం ఉన్నంత మాత్రాన ప్రాజెక్టుకు రక్షణ లేదని అది స్పష్టంగా చూపింది.

కానీ ఎవరిని అడిగారు, ఏమి ఊహించుకున్నారు అన్న ప్రశ్నలు పత్రం చిన్నదైనా పెద్దదైనా తప్పవు. ఇందుకు నేను తరచుగా గుర్తు చేసుకునేది లండన్ అంబులెన్సు సర్వీసు ఉదంతం. సుమారు 600 చదరపు మైళ్ళ నగరంలో ఫోను రాగానే దగ్గరలోని బండిని కంప్యూటరే ఎంచి పంపాలన్న ఉద్దేశంతో చేసిన వ్యవస్థను 1992 అక్టోబరు 26న పూర్తిగా అమలులోకి తెచ్చారు. మరునాటికే పాత పద్ధతిలో కొంత భాగానికి మళ్ళవలసి వచ్చింది. ప్రతి బండీ ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో ఎప్పటికప్పుడు దాదాపు లోపం లేకుండా తెలుస్తుందన్న ఊహ మీద ఆ వ్యవస్థ ఆధారపడింది. వాస్తవంలో రేడియో అందని చోట్లు ఉన్నాయి. రోగిని ఎత్తుకునే హడావుడిలో సిబ్బంది తమ స్థితిని తెలిపే బటన్లను ఆలస్యంగానో, వరుస తప్పించో నొక్కారు. కేటాయించిన బండి కాక మరొకటి తీసుకువెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. దానితో కంప్యూటరు దృష్టిలోని నగరానికీ అసలు నగరానికీ పొంతన లేకుండా పోయింది, ఒకే పిలుపుకు రెండు బండ్లు వెళ్ళడం, మరొక పిలుపుకు ఏదీ వెళ్ళకపోవడం జరిగింది.

1993 ఫిబ్రవరిలో వెలువడిన విచారణ నివేదికలో ఒక మాట నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది: ఆ రెండు రోజులలో కంప్యూటరు సాంకేతికంగా విఫలం కాలేదు, చాలావరకు తనను ఎలా రూపొందించారో అలాగే పనిచేసింది. (1992 నవంబరు 4న అది పూర్తిగా ఆగిపోయిన మాట నిజమే, దానికి ఒక ప్రోగ్రామింగు పొరపాటు కారణం.) అవసరాలు రాసే దశలో బండి నడిపే, రోగిని మోసే సిబ్బంది పాత్ర చాలా స్వల్పమని అదే నివేదిక చెబుతోంది. చిత్తూరు పాలకేంద్రంలో టెస్టరును ఎవరూ అడగకపోవడం, లండన్‌లో అంబులెన్సు సిబ్బందిని తగినంతగా కలుపుకోకపోవడం ఒకే కోవకు చెందిన లోపాలు. ఒకచోట రిజిస్టరు తిరిగి వచ్చింది, మరొకచోట ఆపదలో ఉన్నవారు బండి కోసం ఎదురుచూశారు.

ఇక యూజర్ స్టోరీల సంగతి. 2001లో అజైల్ నిపుణుడు రాన్ జెఫ్రీస్ స్టోరీకి మూడు అంగాలు చెప్పారు: స్టోరీ రాసిన కార్డు, దానిపై సంభాషణ, చివరికి నిర్ధారణ. చాలా జట్లలో కార్డు మిగిలి, సంభాషణ పది నిమిషాల సమావేశంగా కుదించుకుపోయింది. మీ ప్రోడక్ట్ ఓనరు వినియోగదారుల పని చోటుకు వెళ్ళి చూస్తూ, నియమాలను తేల్చి, ప్రతి స్టోరీకీ సరిచూడదగిన ఉదాహరణలు ఇస్తున్నట్టయితే, ఎనలిస్టు పనిని వారే చేస్తున్నారు, వేరే హోదా అక్కరలేదు. అలా జరగకపోతే ఆ పని ఎవరి మీదా లేదని అర్థం. అప్పుడు కోడు రాస్తున్న మీరే, అర్ధరాత్రి, ఎవరినీ అడగకుండా, నియమం ఇలా ఉండవచ్చునని ఊహించుకుంటారు. మీ గత స్ప్రింటులో తిరిగి చేయవలసి వచ్చిన పనులను ఒకసారి పరిశీలించి, వాటిలో ఎన్ని ఇలాంటి ఊహల వల్ల వచ్చాయో లెక్కించండి.

ప్రశ్న: హనుమకొండలో ఎం.కాం. పూర్తి చేశాను. కోడింగు రాదు. ఈ ఉద్యోగానికి అర్హురాలినేనా? సర్టిఫికెట్ కోర్సు చేయాలా?

జవాబు: నిస్సందేహంగా అర్హురాలివమ్మా. ఖాతాలు, పన్నులు, బిల్లులు ఎలా నడుస్తాయో తెలిసినవారి కొరత ఈ రంగంలో ఉంది. ప్రోగ్రాములు రాయడం అవసరం లేదు, కానీ డేటాను స్వయంగా చూసుకునేంత ఎస్.క్యూ.ఎల్. (డేటాబేసు నుంచి సమాచారం అడిగి తీసుకునే భాష), పని క్రమాన్ని బొమ్మగా గీయడం తప్పక నేర్చుకోవాలి. సర్టిఫికెట్ల విషయానికి వస్తే, 2003లో కెనడాలోని టొరంటోలో ఏర్పడిన ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిజినెస్ ఎనాలిసిస్ ఇచ్చేవాటికి గుర్తింపు ఉంది. ఆరంభంలో ఉన్నవారికి ఇ.సి.బి.ఎ. సరిపోతుంది, సి.బి.ఎ.పి.కి గత పదేళ్ళలో 7,500 గంటల అనుభవం అడుగుతారు కనుక దాని గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. ఉద్యోగం ఖాయమని చెప్పి పెద్ద మొత్తాలు వసూలు చేసే శిక్షణ కేంద్రాల జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. దానికి బదులు, నువ్వు చదివిన కళాశాలలో ఫీజు కౌంటరు దగ్గర అనుమతి తీసుకుని వారం రోజులు గమనించు. వాయిదాలలో కట్టేవారు, స్కాలర్‌షిప్పు రావలసినవారు, మధ్యలో మానేసినవారు, రశీదు పోగొట్టుకున్నవారు, వీరందరికీ అక్కడ ఏమి చేస్తున్నారో పది పేజీలలో రాయి. ఇంటర్వ్యూలో అది చూపితే నీ ప్రతిభ తెలుస్తుంది. గుమాస్తాలతో తెలుగులో మాట్లాడి, విన్నదానిని ఇంగ్లీషులో తేడా రాకుండా రాయగలగడం కూడా పెద్ద బలమే.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో బిజినెస్ ఎనలిస్టుగా ఏడాదిగా పనిచేస్తున్నాను. క్లయింటు సంస్థలో రెండు విభాగాలు పరస్పర విరుద్ధమైనవి అడుగుతాయి, రెండూ తమవన్నీ తప్పనిసరి అంటాయి. నేను ఎవరి మాట రాయాలి?

జవాబు: రాసే ముందు, వారు ఒకే మాటను ఒకే అర్థంలో వాడుతున్నారో లేదో చూడండి. నేను పనిచేసిన ఒక బీమా ప్రాజెక్టులో "కస్టమరు" అంటే ఒక విభాగానికి ప్రీమియం కట్టే తండ్రి, మరొక విభాగానికి బీమా ఉన్న బిడ్డ. మూడు వారాల వాదన తరువాత గాని నాకు ఆ సంగతి తట్టలేదు. మొదటి రోజే పదాల అర్థాల పట్టిక రాసి ఇద్దరికీ చూపించి ఉంటే అంత కాలం వృథా అయ్యేది కాదు. అప్పటి నుంచి ఏ ప్రాజెక్టులోనైనా నేను ముందుగా చేసేది ఆ పట్టికే.

నిజమైన విరోధమే అయితే, తీర్పు చెప్పే స్థానం మీది కాదు. ప్రతి కోరికకు వెనుక ఉన్న కారణాన్ని, ఒప్పుకుంటే అయ్యే ఖర్చును, కాదంటే కలిగే నష్టాన్ని పక్కపక్కన రాసి, రెండు విభాగాలకూ పైనున్న అధికారి ముందుంచండి. చాలాసార్లు కారణాలు బయటపడగానే, ఇద్దరికీ కుదిరే మూడో మార్గం వారికే కనిపిస్తుంది.

ప్రాధాన్యం విషయంలో 1994లో డై క్లెగ్ రూపొందించిన మాస్కో పద్ధతి (నాలుగు వర్గాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో కూర్చిన పేరు) మీకు తెలిసే ఉంటుంది: తప్పనిసరివి, ఉండవలసినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దనుకున్నవి. దానిని వాడే డి.ఎస్.డి.ఎం. అనే అజైల్ విధానంలో తప్పనిసరి పనులకు పట్టే శ్రమ మొత్తంలో 60 శాతాన్ని మించకూడదని సలహా ఇస్తారు. "ఇది ముఖ్యమా" అని అడిగితే ఎవరూ కాదనరు. "ప్రారంభించే ముందు రోజు రాత్రి ఇది సిద్ధం కాలేదని తెలిస్తే, మొత్తం ప్రారంభాన్నే ఆపుతారా, లేక కొన్నాళ్ళు చేతితో చేసుకుంటారా?" అని అడగండి. ఆపుతామన్నవి మాత్రమే తప్పనిసరి.

నాలుగో జాబితాను చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. వద్దనుకున్న ప్రతి అంశం ఎదుట అడిగినవారి హోదా, వాయిదాకు కారణం, మళ్ళీ చర్చించే తేదీ రాసి, ఆ అధికారి ఆమోదాన్ని ఈమెయిలులో తీసుకోండి. ఆ తేదీ వచ్చినప్పుడు వారు అడగకముందే మీరే ఆ జాబితాతో వారి దగ్గరకు వెళ్ళండి.