మూడేళ్ల కాంట్రాక్ట్‌కు ఈ వారమే సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అబ్బాయికి 17 ఏళ్లు, సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదువుతున్నాడు, ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఆడతాడు. ఒక క్లబ్బు వాళ్లు మూడేళ్ల కాంట్రాక్ట్ ఇస్తాం, ఈ వారంలోనే సంతకం పెట్టమంటున్నారు. ఇంకో క్లబ్బు జనవరిలో చూద్దామంటోంది. వాడు సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, 18 నిండని ఆటగాడితో మూడేళ్లకు మించి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ రాసుకోవడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఆ క్లబ్బు మీ అబ్బాయిని ఎంతకాలం కట్టిపడేయవచ్చో అంతకాలమూ అడుగుతోంది. వాడి ఆట మీద నమ్మకం లేకపోతే అడగరు, సంతోషించండి. కానీ వాళ్ల లెక్క కూడా తెలుసుకోండి. కాంట్రాక్ట్ చివరి ఆరు నెలల్లోకి వచ్చిన ఆటగాడు ఇంకో క్లబ్బుతో మాట్లాడుకుని ముందే సంతకం పెట్టవచ్చు. గడువు తీరి వెళ్లిపోతే పాత క్లబ్బుకు ట్రాన్స్‌ఫర్ ఫీజు, అంటే ఆటగాణ్ని వదులుకున్నందుకు కొత్త క్లబ్బు ఇచ్చే డబ్బు, రాదు. అందుకే ఏడాదో రెండేళ్లో మిగిలి ఉండగానే క్లబ్బులు ఆటగాణ్ని అమ్మేస్తాయి, లేదంటే కాంట్రాక్ట్ పొడిగించమని వెంటపడతాయి.

జనవరి మాట మీద ఆశ పెట్టుకోకండి. సీజన్ మధ్యలో క్లబ్బులు ఎక్కువగా గాయపడినవాళ్ల స్థానంలో అనుభవం ఉన్నవాళ్లనే తెచ్చుకుంటాయి. 17 ఏళ్ల పిల్లవాడికి ‘చూద్దాం’ అన్నది ఆఫర్ కాదు.

కాబట్టి మొదటి క్లబ్బుతోనే మాట్లాడండి, రెండేళ్లు అడగండి. అప్పటికి వాడికి 19 వస్తాయి, సీనియర్ జట్టులో చోటుందో లేదో తేలిపోతుంది. మూడేళ్లే అంటే, ‘మరో ఏడాది పొడిగించే హక్కు క్లబ్బుది’ అనే వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే కొట్టేయించండి, లేదా ఇద్దరూ ఒప్పుకుంటేనే అని మార్పించండి. నేను జీతం కన్నా ఈ ఒక్క వాక్యం మీదే ఎక్కువ పట్టుబడతాను.

తర్వాత, ఈ సీజన్‌లో ఏ జట్టుకు ఆడిస్తారని అడగండి. క్లబ్బు రెండో జట్టయిన రిజర్వ్ జట్టుతో స్థానిక లీగ్ బెంగళూరు సూపర్ డివిజన్‌లో తొంభై నిమిషాలు ఆడటం, సీనియర్ జట్టు బెంచీ మీద కూర్చోవడం కన్నా ఈ వయసులో చాలా మేలు. ఇండియా మిడ్‌ఫీల్డర్ సురేష్ సింగ్ వాంగ్‌జామ్ 2017 అండర్-17 ప్రపంచకప్ తర్వాత కుర్రాళ్ల జట్టు ఇండియన్ యారోస్ తరఫున జాతీయ స్థాయి ఐ-లీగ్‌లో వరుసగా ఆడి, 2019లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు. రిజర్వ్‌లోనూ చోటు దొరక్కపోతే లోన్ మీద, అంటే కొంతకాలం ఆడటానికి ఇంకో క్లబ్బుకు, పంపుతామని రాసివ్వమనండి.

జీతం ఆగితే ఏమిటన్నదీ చూడండి. ఇండియన్ సూపర్ లీగ్ భవిష్యత్తు తేలక 2025 ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ సీనియర్ జట్టు జీతాలే నిలిపేసింది. అందుకే చదువు ఆపొద్దు. పీయూసీ పరీక్షల రోజుల్లో సెలవు ఇస్తామని కాగితం మీదే ఉండాలి.

ఏజెంట్ ఎవరైనా ముందే డబ్బు అడిగితే ఇవ్వకండి. ఫిఫా లైసెన్స్ ఉందేమో చూడండి, ఉన్నా మైనర్‌ను కలవాలంటే మీ రాతపూర్వక అనుమతి కావాలి.

రేపే క్లబ్బుకు ఫోన్ చేసి, లాయర్‌కు చూపించడానికి పది రోజులు కావాలని అడగండి. నిజంగా కావాలనుకున్నవాళ్లు ఇస్తారు. ఈలోగా వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పేజీ మీరే చదివి చెప్పండి. గార్డియన్‌గా సంతకం మీది, ఆడాల్సింది వాడు.