మనిషిని ఆపలేరు, ఫైళ్లను ఆపవచ్చు

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లో మసాలా పొడులు, పప్పులు నింపే ప్యాకింగ్ యంత్రాల తయారీ మాది. 11 ఏళ్లు మా దగ్గర డిజైనర్‌గా పనిచేసిన వ్యక్తి రెండు నెలల క్రితం రాజీనామా చేశాడు. వెళ్లే ముందు వారంలో యంత్రాల డ్రాయింగులు, ధరల పట్టిక, డీలర్ల జాబితా తన సొంత మెయిల్‌కు పంపుకున్నట్లు ఇప్పుడు బయటపడింది. ఒక భాగస్వామిని చేర్చుకుని అవే యంత్రాలు చేస్తూ, మా డీలర్లకే తక్కువ ధర చెబుతున్నాడు. రెండేళ్ల వరకు ఈ వ్యాపారం చేయనని నియామక పత్రంలో సంతకం చేశాడు. పోలీసులేమో ఇది సివిల్ తగాదా అంటున్నారు. అతని వ్యాపారం మూయించగలమా?

జవాబు: మూయించలేరు. మీరు గట్టిగా నమ్ముకున్న ఆ సంతకమే మీ కేసులో అన్నిటికంటే బలహీనమైనది. ఒకరి వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరేచోట పనిచేయకూడదన్న షరతును సుప్రీంకోర్టు 1967లో గోలికరి కేసులో సమర్థించింది. ఒప్పందం ముగిశాక కూడా కొనసాగే నిషేధాన్ని మాత్రం 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో ఒప్పుకోలేదు. 11 ఏళ్లలో అతని చేతికి అబ్బిన పనితనం అతనిదే. దానితో పక్క వీధిలో షెడ్డు వేసుకున్నా తప్పు కాదు.

డ్రాయింగుల సంగతి వేరు. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అలాంటి చట్టం కావాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో ముసాయిదాతో సహా సిఫారసు చేసింది. అయినా మీరు దిక్కులేనివారు కారు. నమ్మి చేతికిచ్చిన సమాచారాన్ని ఇచ్చినవారికి వ్యతిరేకంగా వాడుకోకూడదన్న సూత్రం మీద కోర్టులు చాలాకాలంగా ఉత్తర్వులు ఇస్తున్నాయి. పశుగ్రాసం పెంచే యంత్రం డ్రాయింగుల మీద నడిచిన జాన్ బ్రాడీ కేసులో ఢిల్లీ హైకోర్టు 1987లో ఇదే సూత్రంతో ఇంజంక్షన్ (వాడకుండా ఆపే కోర్టు నిషేధ ఉత్తర్వు) ఇచ్చింది.

అవతలి న్యాయవాది ఏమంటారో ఇప్పుడే చెప్పగలను: ‘యంత్రం బజారులో దొరుకుతుంది, కొని విప్పి కొలతలు తీసుకున్నాం.’ నిజంగా అలా చేసి ఉంటే చట్టం తప్పుపట్టదు. కానీ విప్పి, కొలిచి, నమూనా చేసి, సరిదిద్దుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో మీకు తెలుసు. మీ మొదటి యంత్రానికి ఎంతకాలం పట్టిందో పాత బిల్లులు, విఫలమైన నమూనాల ఫొటోలతో చూపండి. అతను రెండు నెలల్లో ఎలా చేయగలిగాడన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది అప్పుడు అతనే.

రెండో ప్రశ్న మీకే ఇబ్బంది. ఈ డ్రాయింగులు లేజర్ కటింగ్ వారికి, లేత్ షాపులకు ఎలా వెళ్తున్నాయి? జాబ్ వర్క్ చేసే ప్రతి షాపుకూ పూర్తి సెట్టు వాట్సాప్‌లో పంపుతూ ఉంటే, అది రహస్యమని కోర్టును ఒప్పించడం కష్టం. ఒక్కో షాపుకు ఒక్కో విడిభాగం డ్రాయింగే ఇస్తూ, మొత్తం అమరిక మీ కార్యాలయంలోనే ఉంచి ఉంటే మీ పక్షం బలంగా ఉన్నట్లే. ఇలాంటి దావాలో గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలతాయి. కాబట్టి మీ న్యాయవాది దగ్గర ఏదీ దాచకండి.

డీలర్ల జాబితా మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. దుకాణం బోర్డు చూసి ఎవరైనా తెలుసుకోగల పేర్లు రహస్యం కావు. ఎవరికి ఎంత తగ్గింపు, మీకు పడే ఖర్చెంత అన్న ధరల పట్టిక మాత్రం బలమైనదే. కాపీరైట్ దావా కూడా వేద్దామని ఎవరైనా అంటే ఒక మెలిక ఉంది. నమోదుకు అర్హమైన డిజైన్‌ను నమోదు చేయించకుండా 50 సార్లకు మించి పారిశ్రామికంగా తయారుచేస్తే, కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ కింద దానిపై కాపీరైట్ పోతుంది. ఇలాంటి ఇంజనీరింగ్ డ్రాయింగులను ఎలా పరిశీలించాలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్ కేసులో వివరించింది. అందుకే మీ దావాకు విశ్వాస భంగమే, అంటే నమ్మి ఇచ్చిన సమాచారాన్ని మీకు వ్యతిరేకంగా వాడుకోవడమే, పునాది కావాలి.

కోపంలో ముందుగా లీగల్ నోటీసు పంపకండి. నోటీసు అందిన రాత్రే ఫైళ్లు మాయమవుతాయి. తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని అతను ముందే కోర్టులో కేవియట్ వేయకపోయి ఉంటే, అవతలి పక్షం రాకముందే తాత్కాలిక ఇంజంక్షన్ కోరవచ్చు. కోర్టు నియమించే న్యాయవాది (అడ్వొకేట్ కమిషనర్) వెళ్లి అక్కడి కంప్యూటర్లలోని ఫైళ్ల నకలు తీసుకునేలా ఉత్తర్వు కూడా అడగండి. భాగస్వామిని కూడా ప్రతివాదిగా చేర్చండి. ఏ డ్రాయింగులో ఏ భాగం రహస్యమో దావాలో స్పష్టంగా చెప్పండి, కానీ డ్రాయింగులను బహిరంగంగా జతచేయవద్దు. సీల్డ్ కవర్‌లో ఇవ్వడానికి అనుమతి కోరండి.

పోలీసుల మాట సగమే నిజం. అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి సమాచారం కాపీ చేయడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉద్యోగిగా ఫైళ్లు తెరిచే అనుమతి ఉందని అతను వాదిస్తాడు. పని కోసం తెరవడం వేరు, సొంత మెయిల్‌కు పంపుకోవడం వేరు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

అతనికి రావలసిన జీతం, గ్రాట్యుటీ ఆపి ఉంటే వెంటనే ఇచ్చేయండి. బాకీ ఉంచుకుని న్యాయం కోరితే కోర్టులో మీ మాట తేలిపోతుంది. డీలర్లకు ఫోన్ చేసి అతను దొంగ అని చెప్పవద్దు, అది మీ మీద పరువునష్టం కేసవుతుంది.

అతను వాడిన కంప్యూటర్‌ను ఇప్పుడు మరొకరు వాడుతున్నారా? ఈరోజే ఆపించండి. ఫార్మాట్ చేయించవద్దు, ఫైళ్లు తెరిచి చూడవద్దు. ఫోరెన్సిక్ నిపుణుడితో హార్డ్ డిస్క్ నకలు తీయించి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం సిద్ధం చేయించుకోండి. అవి చేతికి వచ్చిన తర్వాతే న్యాయవాదిని దావా రాయమనండి.