వంద ప్రశ్నలు, అరవై నిమిషాలు

ఉద్యోగాలు, పరీక్షలు, ప్రమోషన్లపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు. జవాబిస్తున్నవారు హైదరాబాద్‌లోని ఒక బ్యాంకు శిక్షణ కేంద్రంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు.

ప్రశ్న: మేడమ్, నా వయసు 49. బ్యాంకులో క్లర్కుగా చేరి పాతికేళ్లు దాటింది. ఆఫీసర్ ప్రమోషన్‌కి పెట్టే ఆన్‌లైన్ పరీక్షలో వంద ప్రశ్నలకు గంట టైమ్. రాసిన ప్రతిసారీ చివరి ప్రశ్నలు ముట్టుకోకుండానే టైమ్ అయిపోతోంది. చూస్తే అవన్నీ నాకు తెలిసినవే! అందులోని రీజనింగ్ లెక్కల్ని డిగ్రీ చదివే మా అబ్బాయి ఆడుతూ పాడుతూ చేసేస్తున్నాడు. నా బుర్ర మొద్దుబారిందా? ఇంక మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మానేయకండి. మీ బుర్రకేమీ కాలేదు.

వంద ప్రశ్నలకు గంట అంటే ఒక్కోదానికి 36 సెకన్లు. అందులోనే చదవాలి, ఆలోచించాలి, మౌస్ నొక్కాలి. ఎప్పుడూ చూడని చిక్కుముడిని చకచకా విప్పే వేగం ఇరవై ఏళ్లప్పుడు ఉన్నంత నలభై తొమ్మిదిలో ఉండదు. ఇది అందరికీ జరిగేదే, మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చిన విషయం. అనుభవంతో వచ్చిన జ్ఞానం, మాటల మీద పట్టు మాత్రం అరవై దాకా నిలబడతాయి, చాలామందిలో పెరుగుతాయి కూడా. మీ పరీక్ష మొదటిదాన్ని కొలుస్తోంది. ఆఫీసర్ సీటుకి కావలసింది రెండోది.

శిక్షణ కేంద్రంలో మేము ఒక హోమ్ లోన్ ఫైలు తయారుచేసి అభ్యాసానికి ఇచ్చేవాళ్లం. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్), శాలరీ స్లిప్పులు, వాల్యుయేషన్ రిపోర్టు అన్నీ ఉంటాయి. లోపాలు మేమే పెట్టేవాళ్లం. ఒక బ్యాచ్‌లో కొత్తగా చేరిన పిల్లలు గబగబా పేజీలు తిప్పేసి, శాలరీ స్లిప్పులో తేడా ఒక్కటి పట్టుకుని ఫైలు మూసేశారు. వెనక బెంచీలో ఒక హెడ్ క్యాషియర్ కూర్చున్నారు. ఆవిడ ప్రతి కాగితం మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివారు. అందరికంటే ఆఖరున లేచారు. సేల్ డీడ్‌లో 200 గజాలు, ఈసీలో 183 గజాలు ఉందని పట్టుకున్నది ఆవిడొక్కరే. ఆ పదిహేడు గజాలు చూడకుండా లోన్ ఇస్తే రేపు కోర్టులో నిలబడాల్సింది బ్యాంకు. ఆవిడ కూడా మీలాగే ప్రమోషన్ పరీక్షలో టైమ్ చాలక ఆగిపోయినవారే. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వేగం అక్కర్లేదని నేననను. ఒకటో తారీఖున పెన్షన్ల క్యూ తలుపు దాటి రోడ్డు మీదికి వస్తే ఎంత చురుగ్గా ఉండాలో మీకు నేను చెప్పాలా? కట్ట లెక్కపెడుతూనే దొంగనోటుని వేళ్లతో పసిగట్టే చెయ్యి మీది. ఆ వేగాన్ని కొలవదలిస్తే కొలవనివ్వండి. రీజనింగ్ లెక్కల్లో ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో తేల్చే వేగానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

కొత్తగా బ్యాంకు ఆఫీసర్లను తీసుకునే ఐబీపీఎస్ పీవో తొలి పరీక్ష ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలకు గంట పెట్టడం వెనక ఒక కారణం ఉంది. లక్షల మంది రాసేచోట ఏదో ఒక జల్లెడ కావాలి, అన్నిటికంటే చవకైన జల్లెడ గడియారం. ఒక బ్యాంకు తన సొంత సిబ్బందికి పెట్టే ప్రమోషన్ పరీక్షకి ఆ అవసరం ఎక్కడుంది? పాతికేళ్ల పని వాళ్ల కళ్లముందే ఉంది కదా! బ్యాంకు ఉద్యోగులు రాసే, బ్యాంకింగ్ విషయాలనే అడిగే జేఏఐఐబీ పరీక్షలో వంద ప్రశ్నలకు రెండు గంటలిస్తారు, నెగెటివ్ మార్కులు లేవు. దాని విలువేమీ తగ్గలేదు. మీ యూనియన్ వాళ్లని ఈ ఒక్క విషయం రాతపూర్వకంగా అడగమనండి: మాకు కేటాయించిన 36 సెకన్లు ఏ పని ఆధారంగా లెక్కకట్టారు? గొడవ అక్కర్లేదు, జవాబు చాలు.

అది తేలేలోపు పరీక్ష రాయాలి కాబట్టి పని జరిగే మాట చెబుతాను. మీకు తెలిసిన బ్యాంకింగ్ ప్రశ్నలు ముందు ముగించండి. సెక్షన్ మార్చుకోనిస్తే అక్కడినుంచే మొదలుపెట్టండి. గుండ్రటి బల్ల లెక్కలు ఆఖరుకి. స్క్రీన్ పక్కన ప్రశ్నల నంబర్లు రంగుల్లో కనబడతాయి. చూసి వదిలేసినవి ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు చూసి చాలామంది కంగారుపడి వెనక్కి వెళతారు. వెళ్లకండి, ముందుకే నడవండి. జవాబు ఎంచుకున్నాక ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కారో లేదో చూసుకోండి. నొక్కకుండా నంబరు మీద నొక్కి వేరే ప్రశ్నకు వెళ్లిపోతే, తెలిసి రాసిన జవాబు కూడా లెక్కలోకి రాదు.

నెగెటివ్ మార్కుల భయం గురించి కూడా. అయిదు ఆప్షన్లు, తప్పుకి పావు మార్కు కోత అయితే, గుడ్డిగా గురిపెట్టినా సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిసినా లెక్క మీవైపు తిరుగుతుంది, ధైర్యంగా పెట్టేయండి. కోతే లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. ఇంట్లో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు టైమర్ పెట్టుకోకండి. పద్ధతి చేతికొచ్చాక పెట్టుకోండి. ముందే పెట్టుకుంటే టెన్షన్ ఒక్కటే అలవాటవుతుంది.

ప్రశ్న: బాలానగర్‌లో చిన్న యూనిట్ నడుపుతున్నాను. అకౌంటెంట్ కోసం ప్రకటన ఇస్తే బోలెడు దరఖాస్తులు వచ్చాయి. 12 నిమిషాల్లో 50 ప్రశ్నల టెస్ట్ పెడితే తెలివైనవాళ్లు తేలిపోతారని ఒక ఏజెన్సీ చెబుతోంది. కొనమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వద్దండి. మీరు చెప్పిన కొలతలతో అమెరికాలో వండర్లిక్ అనే పరీక్ష చాలాకాలంగా ఉంది. అక్కడి డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీలో నల్లజాతి కార్మికులను కూలి పని విభాగంలోనే ఉంచేవారు. పై విభాగాలకు మారాలంటే ఈ పరీక్ష, దాంతోపాటు యంత్రాల పరిజ్ఞానం మీద ఇంకొకటి పాసవ్వాలన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పనికి సంబంధం చూపించలేని పరీక్షతో మనుషుల్ని అడ్డుకోవడం కుదరదని 1971లో ఏకగ్రీవంగా తీర్పొచ్చింది. అది వాళ్ల చట్టం, మన దగ్గర చెల్లదు. అందులోని న్యాయం మాత్రం బాలానగర్‌కీ పనికొస్తుంది.

పేపర్ మీద అర్హతలు చూసి పదిమందిని పిలవండి. మీ పాత బిల్లులే ఒక ముప్ఫై తీసి, పార్టీల పేర్లు మార్చి, ట్యాలీ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. కొనుగోళ్ల రిజిస్టరుని జీఎస్టీఆర్-2బీతో (మీకు అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారుచేసే పట్టిక) సరిచూసి తేడాలు రాయమనండి. గంటన్నర ఇవ్వండి, మంచినీళ్లు పెట్టండి. ఎవరు ఏం పట్టుకున్నారో చూస్తే మీకే అర్థమవుతుంది. డేటా ఎంట్రీకి టైపింగ్ స్పీడ్ చూడండి, తప్పులేదు. 2005లో హైదరాబాద్‌లోనే మొదలైన 108 అంబులెన్స్‌కి ఫోన్ ఎత్తేవాళ్లకీ వేగం చూడాల్సిందే, అక్కడ క్షణాలే ప్రాణాలు. మీ అకౌంటెంట్ రిటర్ను ఇరవయ్యో తారీఖులోపు తప్పుల్లేకుండా వేస్తే చాలు కదా.

ప్రశ్న: మా అమ్మాయి అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. కాసేపు రాస్తే చేతివేళ్లు బిగుసుకుపోతాయి, రైటర్స్ క్రాంప్ అన్నారు. 40 శాతం వైకల్యం లేదు కాబట్టి ఎక్కువ టైమ్ రాదని అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: నిజం కాదమ్మా. సరిగ్గా ఈ జబ్బుతోనే, సివిల్స్ పరీక్ష విషయంలోనే వికాస్ కుమార్ అనే అభ్యర్థి యూపీఎస్సీ మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ని, అంటే అభ్యర్థి చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. దాన్ని అనుసరించి 2022లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే స్క్రైబ్, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు టైమ్ ఇవ్వాలి. మూడు గంటల మెయిన్స్ పేపర్‌కి నాలుగు గంటలన్నమాట. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అమ్మాయి హక్కు.

సర్టిఫికెట్ నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. ఆ పేజీ ప్రింట్ తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, ప్రైవేటు డాక్టర్ చీటీ చెల్లదు. స్క్రైబ్ కావాలన్న సంగతి దరఖాస్తు నింపేటప్పుడే రాయాలి. హాల్ టికెట్ వచ్చాక చూద్దామనుకోకండి.