కంప్యూటర్ చదువు వదిలేయాలనిపిస్తోంది

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని కంప్యూటర్‌లో అమర్చే పద్ధతులు) పేపర్ తప్పాను. క్లాసులో చాలామంది స్కూల్లోనే కోడింగ్ నేర్చుకుని వచ్చారు. ల్యాబ్‌లో వాళ్లను చూస్తే నాకు చేతులాడవు. ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలే ఉండవంటున్నారు. సైకాలజీకి మారిపోదామనుంది. నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పిన బాధ ఉంది, తోటివాళ్లతో పోలిక ఉంది, రేపటి గురించి భయం ఉంది. సైకాలజీ గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది, అది ఎందుకు నచ్చిందో లేదు. అందుకే అడుగుతున్నాను. ఆ పేపర్ పాసై ఉంటే మీకీ ఆలోచన వచ్చేదా? జవాబు నాకు రాయక్కర్లేదు, మీకు మీరు నిజం చెప్పుకుంటే చాలు.

డేటా స్ట్రక్చర్స్ దగ్గర తడబడేవాళ్లు చాలామందే. అప్పటిదాకా కోడ్‌ను పైనుంచి కిందికి చదివితే సరిపోతుంది. పాయింటర్లు (మెమరీలో ఒక చోటును చూపే గుర్తులు), రికర్షన్ (ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) వచ్చేసరికి మెమరీలో ఏం జరుగుతోందో మనసులో బొమ్మ కట్టుకోవాలి. ముందే కోడింగ్ చేసినవాళ్లు ఈ కష్టం ఎప్పుడో పడి ఉంటారు, మీరు ఇప్పుడు పడుతున్నారు. దాన్ని తెలివితక్కువతనం అనుకోకండి.

ఒక ఆరు వారాలు గడువు పెట్టుకోండి. స్క్రీన్ పక్కనపెట్టి కాగితం మీద లింక్డ్ లిస్ట్ గీయండి, అంటే ఒక్కోటీ తన తర్వాతిదాన్ని చూపించే గొలుసు. నాలుగు పెట్టెలు, మధ్యలో బాణాలు. మూడో పెట్టె తీసేయాలంటే రెండోదాని బాణం నాలుగోదానికి తిప్పాలి. ఆ నాలుగోది ఎక్కడుందో గుర్తు పెట్టుకోకుండా మూడోదాన్ని చెరిపేస్తే మిగతా గొలుసంతా చేజారిపోతుంది. అది చేత్తో చేసి, తర్వాత కోడ్ రాయండి. ఎర్రర్ వస్తుంది. అప్పుడు మీకేమనిపిస్తుందో గమనించండి. విసుగు అందరికీ వస్తుంది. తప్పు దొరికిన క్షణంలో మీ లోపల ఏదైనా కదిలిందా? ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేసినప్పుడు కూడా ఏమీ అనిపించకపోతే, ఆ సంగతిని తేలిగ్గా తీసుకోకండి.

అదే ఆరు వారాల్లో సైకాలజీ మొదటి సంవత్సరం పుస్తకం కూడా తెరవండి. మనుషుల బాధలు వినడమే అందులో పని అనుకుంటారు చాలామంది. స్టాటిస్టిక్స్, పరిశోధన పద్ధతులు అందులో పెద్ద భాగం. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే డిగ్రీ తర్వాత ఇంకా చదవాలి. ఆ అధ్యాయాలు కూడా ఇష్టంగా చదవగలిగితే మీ కోరిక గట్టిదే. మనిషి, కంప్యూటర్ రెండూ కావాలనిపిస్తే మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారో చదివే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అనే దారి కూడా ఉంది.

ఏఐ టెన్షన్‌తో మాత్రం కోర్సు మారకండి. అది రాసిన కోడ్‌లో తప్పు పట్టాలన్నా ఈ పునాదులే కావాలి. పైగా ఆ భయం ఏ చదువుకు వెళ్లినా వెంటే వస్తుంది.

మారడానికి చివరి తేదీ ఎప్పుడు, ఇప్పటిదాకా తెచ్చుకున్న క్రెడిట్లలో ఎన్ని చెల్లుతాయి, ఎంతకాలం ఎక్కువ పడుతుంది అన్నవి అకడమిక్ అడ్వైజర్‌ను ఈ వారమే అడగండి. నిద్ర పట్టకపోవడం, ఏ పనిమీదా మనసు పోకపోవడం ఉంటే, నిర్ణయం ఆపి ముందు డాక్టర్‌నో కౌన్సిలర్‌నో కలవండి.

ఇక నాన్నగారి సంగతి. "మారిపోతాను" అని మొదలుపెట్టకండి. "నాన్నా, ఒక పేపర్ తప్పాను, ఆరు వారాలు ఇలా ప్రయత్నిస్తాను, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. మార్కుల కాగితం ఎక్కడైనా దాచి ఉంటే, ఆ మాట చెప్పేటప్పుడే ఆయన చేతిలో పెట్టండి.