ఇంటిపేరుకి బహువచనం రాసేటప్పుడు అపాస్ట్రఫీ జోలికి వెళ్ళకండి

దాస్ కుటుంబం అంతా కలిసి కార్డు పంపుతుంటే కింద ఇంగ్లీషులో పేరెలా రాయాలి, ఎస్ ముందు అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా లాంటి గుర్తు, పెట్టాలా అని అడిగారు. వద్దు. స్మిత్‌లు ఎంతమంది ఉన్నా స్మిత్ పక్కన ఒట్టి ఎస్ చాలు. పేరు చివర ముందే ఎస్, జడ్, ఎక్స్, ఎస్‌హెచ్, సీహెచ్ లాంటివి ఉంటే ఈఎస్ చేర్చాలి, జోన్స్ జోన్సెస్ అయినట్టే దాస్ దాసెస్ అవుతుంది.

చిక్కంతా ఎక్కడంటే, ఈఎస్ తగిలిస్తే పేరు పాడైపోతుందని జనానికి భయం. నా స్నేహితుడి ఇంటిపేరూ దాసే. నేమ్‌ప్లేట్ చేయించుకుంటుంటే నేనూ వెంట వెళ్ళాను. దాసెస్ అని ఒక్కో అక్షరం విడివిడిగా రాసిచ్చాం. తీరా చూస్తే ఆ బోర్డు చేసే మనిషి అక్రిలిక్ అక్షరాలు కోసి బోర్డు మీద అంటించేసి, ‘ఈ’ అనే అక్షరం ఉండాల్సిన చోట చిన్న కామా ముక్కని పట్టకారుతో పట్టుకుని పైన అతికిస్తున్నాడు. ఇదేంటి బాబూ అంటే, ‘మీరు రాసింది తప్పు సార్, అందరూ ఇలాగే పెట్టించుకుంటారు, పైగా లుక్ బాగుంటుంది’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లుక్ కోసం పెట్టుకునే బొట్టా అది? అపాస్ట్రఫీ పెట్టగానే అది ‘దాస్ గారి’ అయిపోతుంది, దాస్ గారి ఏమిటి? ఆ ముక్క పీకించి ‘ఈ’ అక్షరం అతికించేదాకా మేం అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇల్లు దాస్ గారిదనే అర్థం వస్తుంది కదా అని సమర్థించేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఇల్లు ఒక్క మనిషిదే అవుతుంది. ఇంటిల్లిపాదిదీ అని చెప్పాలంటే ముందు దాసెస్ పూర్తిగా రాసి, ఆ చివరి ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టాలి.

ఇంకో రకం వాళ్ళున్నారు, కెనడీ, రెడ్డి లాంటి పేర్లలో చివరి వై తీసేసి ఐఈఎస్ పెడతారు. బేబీకి, లేడీకి చెల్లే రూలు మనుషుల పేర్లకి చెల్లదండీ, ఉన్న పేరు ఉన్నట్టు ఉంచి వై పక్కన ఎస్ రాయాలి. బాఖ్ లాంటి పేరు సీహెచ్‌తో ముగిసినా పలికేది క శబ్దం కాబట్టి దానికీ ఎస్ ఒక్కటే. స్కూల్లో ఈ రూళ్ళు వల్లె వేయిస్తారు గానీ పేర్ల దగ్గర ఎలా మారతాయో చెప్పరు, నా కోపం అంతా అక్కడే.

ఈఎస్ కంటికి నచ్చకపోతే ‘ద దాస్ ఫ్యామిలీ’ అని రాసేయండి, దానికి ఎవరూ వంక పెట్టలేరు.