నాన్న సమాధి మీద జెండా కప్పవచ్చా?

ప్రశ్న: సుబేదారు గారికి నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. మా నాన్నగారు సైన్యంలో ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేసి హవల్దారుగా రిటైరయ్యారు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో తూర్పు వైపు, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్నారు. ఇంట్లో దాని గురించి అడిగితే "నీళ్లూ బురదా తప్ప ఏముందే" అనేవారు. కిందటేడు వేసవిలో ఇంట్లోనే, నిద్రలో పోయారు. పర్లాకిమిడిలో మా సంఘం వాళ్ల సమాధుల తోటలో పెట్టాం. నవంబరు 2న సమాధుల పండక్కి సున్నం వేయించి, బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టి వస్తే చాలని అమ్మ అంటుంది. భువనేశ్వర్‌లో ఉన్న అన్నయ్య మాత్రం డిసెంబరు 16న, ఆ యుద్ధం గెలిచిన విజయ్ దివస్ నాడే వెళ్లాలంటున్నాడు. సమాధి మీద జాతీయ జెండా కప్పుతాడట, "దేశం కోసం ప్రాణాలర్పించిన వీర జవాన్" అని ఫ్లెక్సీ కడతాడట, ఫోన్‌లో బ్యూగిల్ పెట్టి, నాన్న మెడల్స్ తను తగిలించుకుని సెల్యూట్ చేస్తాడట. వీళ్లిద్దరి మధ్య నాకు టెన్షన్. ఇందులో ఏవి చేయవచ్చు? ఏడో తరగతి చదివే మా అబ్బాయి, తాతయ్య యుద్ధంలో ఏం చేశాడని అడిగితే ఏం చెప్పను?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు జెండా సంగతి తేల్చేద్దాం. మిగతావి ఇంట్లో మాట్లాడుకుంటే తేలేవి, ఇది చట్టంతో పని.

సమాధి మీద జాతీయ జెండా కప్పకూడదు. ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక లాంఛనాలతో, పారా మిలటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో మాత్రమే పెట్టె మీద కప్పుతారు. అప్పుడు కూడా కాషాయం తల వైపు ఉండాలి, జెండా గోతిలోకి దిగకూడదు, చితి మీద కాలకూడదు. 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌లో ఇది స్పష్టంగా ఉంది. సరిహద్దులో పోయినవాడి పెట్టె మీది జెండానే ముందుగా తీసి మడిచేస్తారు. ఏడాది తర్వాత సిమెంటు పలక మీద పరుస్తానంటే ఎలా? పైగా పక్కన కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, గాలి వేస్తుంది. ఆ ఊహే నాకు గుండె దడ.

మీ అన్నయ్యకు అంత మనసుంటే చిన్న జెండా చేత్తో పట్టుకుని నిలబడమనండి. తిరిగి వచ్చేటప్పుడు మడిచి ఇంటికి తెచ్చుకోవాలి, అక్కడ గుచ్చి వదిలేసి రాకూడదు. ఇంకో దారీ ఉంది. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు చొక్కాకు గుచ్చుకునే చిన్న జెండాలు అమ్ముతారు. ముదురు ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వాయుసేనకు. ఆ డబ్బు మాజీ సైనికుల కుటుంబాల సంక్షేమానికి వెళుతుంది. జిల్లా సైనిక్ బోర్డు ఆఫీసులో అడిగి తెచ్చి మీ అబ్బాయి యూనిఫామ్‌కు పెట్టండి. వాడు తాతయ్య దగ్గరికి అది పెట్టుకునే వెళ్లవచ్చు.

ఇక ఫ్లెక్సీ. అది వద్దే వద్దు. మీ నాన్నగారు యుద్ధంలో పోలేదు. గెలిచి, బతికి, ఇంటికొచ్చి, మిమ్మల్ని పెంచి, ముసలాయనై తన మంచం మీద కన్ను మూశారు. మా ఫౌజీలందరూ కోరుకునేది అదే చావు. అందులో తక్కువతనం ఏముందని ఇంకోటి రాయించడం? నాకు కోపం వచ్చేది ఇక్కడే. ప్రాణాలు ఇచ్చినవాళ్లు వేరే ఉన్నారు. లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా అని వినే ఉంటారు. ఇప్పటి ఝార్ఖండ్‌లోని గుమ్లా వైపు ఆదివాసీ క్రైస్తవుడు, 14 గార్డ్స్ పటాలం వాడు. మీ నాన్నగారు ఉన్న తూర్పు వైపే, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గంగాసాగర్ దగ్గర శత్రువు మెషిన్‌గన్‌ల నోరు మూయించి అక్కడే పోయాడు. ఆ యుద్ధంలో తూర్పు వైపు వచ్చిన పరమవీర చక్ర అదొక్కటే. ఆయన్ని అగర్తల దగ్గర సమాధి చేశారు. ఇంటివాళ్లు బంతిపూలు పట్టుకుని ఒక పూటలో వెళ్లి రాగలిగే దూరమా అది? మీకైతే గుణుపురం లైనులో రైలెక్కితే పర్లాకిమిడి.

పలక మీద పేరు, ఆర్మీ నంబరు, హవల్దార్, మద్రాస్ సాపర్స్, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఇవి చాలు. తెలుగులో రాయించండి, అమ్మ చదువుకుంటుంది. కింద ఒడియాలో కూడా పెడితే మీ పిల్లలూ చదువుతారు.

సెల్యూట్ గురించి ఒక మాట. మన ఆర్మీలో టోపీ లేని నెత్తితో సెల్యూట్ ఉండదు. సివిలియన్‌గా మీ అన్నయ్య సావధాన్‌లో నిలబడి తల వంచితే చాలు. మెడల్స్ ఛాతీకి ఎక్కించుకోవడం కన్నా శుభ్రమైన రుమాలు మీద పెట్టి పలక పక్కన ఉంచితే చూడ్డానికి బాగుంటుంది. మర్చిపోకుండా తెచ్చేసుకోండి, దొంగల భయం సమాధుల తోటలోనూ ఉంది. ఫోన్‌లో బ్యూగిల్ మాత్రం వద్దు, మధ్యలో ఎవరో కాల్ చేస్తారు. అమ్మకు వచ్చిన కీర్తన పాడమనండి.

అబ్బాయి ప్రశ్నకు జవాబు మీ ఇంట్లోనే ఉంది. ట్రంకు పెట్టె అడుగున నాన్నగారి డిశ్చార్జి బుక్కు వెతకండి. ఎప్పుడు చేరారు, ఏ యూనిట్, ఏయే మెడల్స్ అన్నీ అందులో ఉంటాయి. పూర్వీ స్టార్ అనే మెడల్ కనిపిస్తే ఆయన తూర్పు రంగంలో పనిచేసినట్టే. "నీళ్లూ బురదా" అన్నారు చూడండి, అది దాటవేత అనుకోకండి, నిజమే చెప్పారు. మద్రాస్ సాపర్స్‌ను మేం తంబీలు అంటాం. వంతెనలు వేయడం, మందుపాతరలు తీయడం, బళ్లు దిగబడే చోట దారి చేయడం వాళ్ల పని. బంగ్లాదేశ్ అంతా నదులే. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసి 93 వేల మంది పాకిస్తాన్ వాళ్లు లొంగిపోయారంటే, దాని వెనక నడుం లోతు నీళ్లలో నిలబడ్డ తంబీలు ఎందరో ఉన్నారు. మీ వాడికి అది చెప్పండి. తుపాకీ కథ కావాలని మారాం చేస్తే, వంతెన లేకపోతే ట్యాంకు ఎలా దాటుతుందో వాణ్నే చెప్పమనండి. నాన్నగారి బ్యాచ్‌వాళ్ల ఫోన్ నంబర్లు పాత డైరీలో ఉంటే, డిసెంబరు 16న వాళ్లకు ఫోన్ చేయండి. ఎనభైకి దగ్గరపడ్డవాళ్లు. మీ వాణ్ని మాట్లాడనివ్వండి, నాన్నగారు మీకు చెప్పనివి వాళ్లు చెబుతారు.

ఏ రోజు వెళ్లాలన్నది అమ్మ ఇష్టం. ఆవిడ నవంబరు 2 అంటే నవంబరు 2. కానీ అన్నయ్యకూ ఒక రోజు కావాలి కదా. జనవరి 14 చూడండి. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన తేదీ అది, ఇప్పుడు మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. మీ నాన్నగారికి విజయ్ దివస్ కన్నా సరిగ్గా అతికే రోజు. మన వైపు అది పెద్ద పండగ, ఇరుగుపొరుగంతా పెద్దలకు బట్టలు పెట్టే సమయం. సెలవలకు అన్నయ్య ఎలాగూ దిగుతాడు. భువనేశ్వర్ నుంచి డిసెంబరులో ఒకసారి, సంక్రాంతికి ఇంకోసారి రావడం ఎందుకు, ఖర్చు దండగ.

వెళ్లేముందు పలక కడిగేటప్పుడు బాత్‌రూమ్ యాసిడ్ పోయకండి. పాలరాయైతే తినేస్తుంది, సిమెంటునూ తింటుంది, అక్షరాల రంగూ పోతుంది. నీళ్లు, కొబ్బరి పీచు చాలు. కొవ్వొత్తులు మూకుడులో నిలబెడితే మైనం అంటదు. మెడల్స్‌ను బ్రాసో పెట్టి మెరిసేదాకా తోమద్దని అన్నయ్యకు ముందే చెప్పండి, చెక్కిన పేరూ నంబరూ అరిగిపోతాయి.